బాలకార్మిక కేసులో సమన్లు వచ్చాయా? బెంగళూరు కోర్టుల్లో సవాలు చేయడం ఎలా

"సార్, లేబర్ ఇన్‌స్పెక్టర్ కేసు పెట్టాడు. ఫైన్ కట్టేస్తే పోతుందా, హైకోర్టుకి వెళ్ళాలా?"

మారతహళ్ళి, కుందలహళ్ళి, బీటీఎం లేఅవుట్, కె.ఆర్.పురం వైపు మెస్సులు, పీజీలు, బేకరీలు నడుపుకునే మన తెలుగువాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. చేతిలో కన్నడ కాగితం ఉంటుంది. అక్షరాలు కూడబలుక్కుని చదవగలరు కానీ కోర్టు కన్నడ అర్థం కాదు. వాయిదా మాత్రం ఎల్లుండే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పిందే చెబుతున్నాను కాబట్టి, అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

ముందే ఒక మాట. పద్నాలుగేళ్ళు నిండని పిల్లవాడు మీ వంటింట్లో నిజంగానే గిన్నెలు తోమి ఉంటే, ఇది మీకోసం రాసింది కాదు. వాడికి రావలసిన జీతం లెక్కకట్టి అధికారి ద్వారా ఇచ్చేయండి, వాడిని బడికి పోనివ్వండి, కోర్టులో మీ లాయరు చెప్పినట్టు నడుచుకోండి. వయసు తప్పుగా రాశారనో, షాపు మీది కాకపోయినా మీ పేరు ఎక్కించారనో, గడువు దాటాక కేసు వేశారనో చూపించగలిగినవాళ్ళ కోసం ఈ దారి చెబుతున్నాను.

చట్టం, అవసరమైనంతవరకే

కేసు సాధారణంగా 1986 నాటి బాల, కౌమార కార్మిక చట్టం కింద ఉంటుంది. 2016లో దాన్ని గట్టిగా సవరించారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో ఇది కలవలేదు, విడిగానే ఉంది. గుర్తుపెట్టుకోవలసిన వయసులు రెండు:

14 నిండనివాళ్ళను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు (సెక్షన్ 3; కుటుంబానికి చేసే సాయం సంగతి కింద 4లో). 14 నుంచి 18 లోపు వాళ్ళను (చట్టం భాషలో కౌమారులు) గనులు, మండే పదార్థాలు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియల్లో పెట్టుకోకూడదు (సెక్షన్ 3ఎ). ఈ రెండింటిలో ఏది తప్పినా సెక్షన్ 14 కింద (సెక్షన్ 3 తప్పితే 14(1)) 6 నెలల నుంచి 2 ఏళ్ళ జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

మెస్సులోనో బేకరీలోనో పదహారేళ్ళ కుర్రాడు ఉంటే అది సెక్షన్ 3 నేరం కాదు. కానీ వాడిచేత రాత్రి 7 నుంచి ఉదయం 8 మధ్య పని చేయించకూడదు, విరామంతో కలిపి రోజుకు 6 గంటలు దాటకూడదు, వారానికి ఒక రోజు సెలవివ్వాలి, రిజిస్టరు పెట్టాలి. ఇవి తప్పితే సెక్షన్ 14(3): నెల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. మీ మీద పడిన సెక్షన్ సరైనదేనా అన్న ప్రశ్న చాలా కేసుల్లో ఇక్కడే తేలుతుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- కోర్టు నుంచి వచ్చిన నోటీసు లేదా సమన్లు, వచ్చిన కవరుతో సహా (పోస్టు ముద్ర తేదీ అవసరపడుతుంది)
- తనిఖీ రోజు రాసిన మహజర్ (అక్కడ ఏం కనిపించిందో సాక్షుల ముందు రాసే పంచనామా) కాపీ
- కుర్రాడి స్కూలు టీసీ లేదా స్టడీ సర్టిఫికెట్, జనన ధ్రువపత్రం
- షాపు రిజిస్ట్రేషన్, పాలికె ట్రేడ్ లైసెన్సు, ఆహార లైసెన్సు, అద్దె అగ్రిమెంటు. వీటిమీద ఎవరి పేరుందో చూసి పెట్టుకోండి
- హాజరు రిజిస్టరు, జీతం చెల్లించిన రుజువులు (ఫోన్ పే, బ్యాంకు స్టేట్‌మెంటు)
- కార్మిక శాఖ నుంచి ముందు వచ్చిన నోటీసులు, మీరిచ్చిన జవాబులు

లేనిదాన్ని ఇప్పుడు తయారు చేయకండి. పాత తేదీ వేసి రిజిస్టరు రాయడం, కుర్రాడి తల్లిదండ్రుల దగ్గర వయసు పెంచి అఫిడవిట్ రాయించుకోవడం కొత్త నేరాలు. మొదటి కేసులో బయటపడే అవకాశం ఉన్నవాళ్ళు కూడా ఇలా రెండో కేసు తలకెత్తుకుంటారు. తనిఖీ జరిగాక ఆ కుర్రాడికి, వాళ్ళింటికి ఫోన్లు చేయడం కూడా మానుకోండి. జాలితో చేసినా సాక్షిని బెదిరించినట్టే కనిపిస్తుంది.

1. వచ్చిన కాగితం ఏదో ముందు తేల్చుకోండి

అన్నీ "కోర్టు కాగితాలు"గానే కనిపిస్తాయి కానీ నాలుగు రకాలుంటాయి.

కార్మిక శాఖ నోటీసు అయితే కేసు ఇంకా వేయలేదు. ఖర్చు లేకుండా సమస్య తీరే చోటు ఇదొక్కటే. నోటీసు ఇచ్చిన అధికారికే గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి, వయసు పత్రం జతచేయండి, రెండో కాపీ మీద ముద్ర, సంతకం వేయించుకోండి. అధికారి వినకపోయినా ఆ ముద్ర ఉన్న కాపీ తర్వాత హైకోర్టులో మీ తరఫున నిలబడుతుంది. మొదటి రోజు నుంచీ మీది ఒకటే మాట అని అది చూపిస్తుంది.

పోలీసు ఎఫ్ఐఆర్ అయితే అందులో జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 79 కూడా ఉందేమో చూడండి. పిల్లలను పనికోసం కట్టిపడేసినా, వాళ్ళ సంపాదన ఇవ్వకుండా ఆపినా ఆ సెక్షన్ పెడతారు. 18 లోపు అందరికీ వర్తిస్తుంది, 5 ఏళ్ళ వరకు కఠిన జైలు. అది ఉంటే క్వాష్ (హైకోర్టులో కేసు కొట్టేయించుకోవడం) సంగతి తర్వాత, ముందు బెయిల్ గురించి లాయరుని కలవండి, ఈ రోజే.

కోర్టు నోటీసు మీద పీసీఆర్ నంబరు ఉంటే, సాధారణంగా మెజిస్ట్రేటు కేసును ఇంకా స్వీకరించలేదని అర్థం. సీసీ నంబరు పడి సమన్లు వచ్చాయంటే స్వీకరించేశారు. కోర్టు భాషలో ఈ స్వీకరించడాన్నే కాగ్నిజెన్స్ అంటారు. మీరు ఏ తలుపు తట్టాలన్నది దీన్నిబట్టే ఉంటుంది.

సరి చూసుకోవడం: కాగితం మీద చట్టం పేరు, సెక్షన్లు, కేసు నంబరు, వాయిదా తేదీ నాలుగూ విడిగా రాసుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొడితే 16 అంకెలు, అక్షరాల సీఎన్ఆర్ వస్తుంది. అది సేవ్ చేసుకుంటే ప్రతి వాయిదా మీ ఫోన్లోనే కనిపిస్తుంది. లాయరు గుమాస్తా ఫోన్ ఎత్తలేదని వాయిదా తప్పిపోయే పరిస్థితి రాదు.

2. సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి, మహజర్ అక్షరమక్షరం చదివించుకోండి

మెజిస్ట్రేటు కోర్టు కాపీయింగ్ సెక్షన్లో దరఖాస్తు పెట్టి ఇవి తీసుకోండి: ఫిర్యాదు, దాంతో జతచేసిన పత్రాలన్నీ, ఆర్డర్ షీట్ మొదటి పేజీ నుంచి. చాలామంది ఫిర్యాదు ఒక్కటే తెచ్చుకుంటారు. మెజిస్ట్రేటు ఏ రోజు ఏం చూసి సమన్లు ఇచ్చారో ఆర్డర్ షీట్లోనే ఉంటుంది. ముద్దాయిని కోర్టుకి పిలవడం చిన్న విషయం కాదని, మెజిస్ట్రేటు బుర్రపెట్టి చూసినట్టు ఉత్తర్వులో కనబడాలని సుప్రీంకోర్టు పెప్సీ ఫుడ్స్ కేసులో చెప్పింది. ఒక్క లైను రబ్బరు ముద్రతో సమన్లు ఇచ్చి ఉంటే అదే ఒక అభ్యంతరం అవుతుంది.

ఇక మహజర్. ఆ రోజు గల్లాపెట్టె దగ్గర నిలబడి, వచ్చేపోయే కస్టమర్ల ముందు, చదవకుండానే సంతకం పెట్టేసి ఉంటారు. నాకు ఒక మెస్ నడిపే అక్క తెచ్చిచ్చిన మహజర్ ఇంకా గుర్తుంది. రెండు పేజీలు చేతిరాత. వయసు దగ్గర "అందాజు 13" అని ఉంది, ఆ 3 మీద ఒకసారి దిద్దిన మచ్చ. పని దగ్గర "టేబుల్ తుడుస్తుండగా" అని. టైము రాత్రి 8:40. వయసుకు ఆధారం ఏమిటో ఎక్కడా లేదు. కుర్రాడి ఊరి బడి నుంచి టీసీ తెప్పిస్తే పుట్టిన తేదీ 2009 జూన్ 12. తనిఖీ జరిగింది 2024 నవంబరు 20న. అంటే ఆ రోజుకి 15 ఏళ్ళ 5 నెలలు. సెక్షన్ 3 అక్కడితో నిలవదు. కానీ రాత్రి 8:40 అన్న మాట ఉందే, దానివల్ల 14(3) మిగులుతుంది. ఆ అక్కకి రెండూ చెప్పాను. "అంతా అబద్ధం" అని పిటిషన్ వేస్తే ఒక్కటీ నిలబడదు, "సెక్షన్ తప్పు" అని వేస్తే పెద్దది పోతుంది.

కన్నడ బాగా చదవగలిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి వాక్యం తెలుగులో రాయించుకోండి. మహజర్ రాసిన టైము, ఫిర్యాదులోని టైము, ఎఫ్ఐఆర్ ఉంటే అందులోని టైము ఒక్కటేనా చూడండి. సాక్షులు ఎవరు, ఎక్కడివాళ్ళు, సంతకాలున్నాయా చూడండి.

3. వయసు తేల్చుకోండి

కేసులో సగం బరువు దీనిమీదే. మనవాళ్ళు వెంటనే తీసి చూపించేది ఆధార్. ఆధార్‌లోని పుట్టిన తేదీ వయసు నిర్ధారణకు సరిపోదని, స్కూలు సర్టిఫికెట్ మేలని 2024 అక్టోబరులో ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 వరస కూడా అదే: మొదట స్కూలు లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష.

ఎముకల పరీక్షకి రెండేళ్ళు అటూఇటూ తేడా ఉంటుందని 1982లోనే జయమాల కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. రిపోర్టులో "13 నుంచి 15" అని ఉంటే 14 నిండలేదని ఖచ్చితంగా చెప్పినట్టు కాదు.

జాగ్రత్త ఒకటి. బాలకార్మిక చట్టం సెక్షన్ 16(2) ప్రకారం నిర్ణీత వైద్యాధికారి ఇచ్చిన వయసు పత్రం ఈ చట్టం వరకు తిరుగులేని సాక్ష్యం. ఫైల్లో అది ఉంటే టీసీ ఒక్కటే చూపి గెలవలేరు. ఆ పత్రం ఇచ్చింది ఆ అధికారం ఉన్న డాక్టరేనా, పరీక్ష చేశారా, కంటితో చూసి రాశారా అన్నది పట్టుకోవాలి. ఫైల్లో ఏ వయసు పత్రమూ లేకుండా "అందాజు" మీదే కేసు నడిచి ఉంటే మీ వాదన బాగా బలపడుతుంది. కౌమార కార్మికుడి వయసు మీద అధికారికి, యజమానికి తేడా వస్తే వైద్యాధికారికి పంపించాలని సెక్షన్ 10 చెబుతోంది. మీరు ఆ రోజే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి ఉంటే ఆ కాపీ వెతికి తీయండి.

సరి చూసుకోవడం: టీసీ నంబరు, అడ్మిషన్ నంబరు ఊళ్ళోని బడి రిజిస్టరుతో కలుస్తున్నాయా? హెడ్మాస్టరు సంతకం, ముద్ర ఉన్న అడ్మిషన్ రిజిస్టరు నకలు తెప్పించండి. కేసు పెట్టాక కొత్తగా జారీ చేసిన టీసీ మీద కోర్టుకి అనుమానం వస్తుంది. ఆ పిల్లవాడు బడిలో చేరిన నాటి రిజిస్టరు పేజీ మీద రాదు.

4. ముద్దాయిగా ఉండవలసింది మీరేనా?

చట్టం పట్టుకునేది ఆ సంస్థ వ్యవహారాల మీద అంతిమ అదుపు ఉన్న మనిషిని. భవనం యజమానిని కాదు, లైసెన్సు వదిలేసి మెస్ వేరేవాళ్ళకి అప్పగించిన పాత యజమానిని కాదు. అద్దె అగ్రిమెంటు, వ్యాపారం అప్పజెప్పిన పత్రం, జీఎస్టీ, కరెంటు బిల్లు ఒకే మాట చెప్పాలి. చాలామంది వ్యాపారం తమ్ముడికి అప్పజెప్పి ట్రేడ్ లైసెన్సు మాత్రం తమ పేరు మీదే ఉంచుకుంటారు. అప్పుడు "నేను కాదు" అన్న మాట హైకోర్టులో కాగితంతో నిలబడదు, విచారణలో సాక్షులతో నిరూపించుకోవాలి.

మేస్త్రీ తెచ్చిన కూలీల్లో పిల్లవాడు దొరికితే, మేస్త్రీతో రాతపూర్వక ఒప్పందం, కూలీల జాబితా ఉంటే బయట పెట్టండి. ఉన్నాసరే, మీ సైటులో మీ కళ్ళముందు పని జరిగితే "నాకు తెలియదు" అన్నది తేలికగా నడవదు.

కంపెనీ అయితే డైరెక్టర్లందరినీ వరసగా రాసేస్తారు. డైరెక్టరు అన్నందుకే ముద్దాయిని చేయడం కుదరదని, ఆ మనిషి చేసినదేమిటో ఉండాలని సునీల్ భారతి మిట్టల్ కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదులో మీ పేరు పక్కన ఏ పనీ రాయకపోతే ఇది వాడుకోండి.

ఇంకో ప్రశ్న ఎప్పుడూ వస్తుంది: "మా అక్క కొడుకు, సెలవుల్లో వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు." బడి వేళల తర్వాత, సెలవుల్లో ప్రమాదం లేని పనిలో కుటుంబానికి సాయం చేయడాన్ని చట్టం అనుమతిస్తుంది. ఎవరు కుటుంబమో కూడా రాసింది: అమ్మ, నాన్న, తోబుట్టువులు, నాన్న తోబుట్టువులు, అమ్మ తోబుట్టువులు. అంటే మేనమామ, పెదనాన్న, బాబాయి, మేనత్త, పెద్దమ్మ, పిన్ని వస్తారు. బాబాయి కొడుకు రాడు. మన లెక్కలో అన్న అయినా చట్టం లెక్కలో కాడు. తాతయ్య పేరు కూడా ఆ జాబితాలో లేదు. బంధుత్వం చూపడానికి రేషన్ కార్డు, జనన పత్రాలు, చదువు ఆగలేదని చూపడానికి బడి హాజరు పత్రం తెచ్చుకోండి. తనిఖీ జరిగింది బడి ఉన్న రోజున పొద్దున్న పది గంటలకైతే ఈ దారి వదిలేయండి.

5. తేదీలు లెక్కేయండి

గడువు దాటిన కేసును మెజిస్ట్రేటు స్వీకరించకూడదు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన, క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం) సెక్షన్ 514 ప్రకారం: జరిమానా మాత్రమే ఉన్న నేరానికి 6 నెలలు, ఏడాది వరకు జైలు ఉన్నదానికి 1 ఏడాది, ఏడాది దాటి 3 ఏళ్ళ వరకు ఉన్నదానికి 3 ఏళ్ళు. సెక్షన్ 14(3)కి ఏడాది, 14(1)కి మూడేళ్ళు అన్నమాట.

ఇక్కడ జరిగే పొరపాటు: తనిఖీ తేదీ నుంచి సమన్ల తేదీ వరకు లెక్కేసి "గడువు దాటింది" అనుకోవడం. లెక్కకి వచ్చేది ఫిర్యాదు కోర్టులో దాఖలైన తేదీ. సారా మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది అదే. కాబట్టి ఫిర్యాదు మొదటి పేజీ మీద ఉన్న దాఖలు ముద్ర చూడండి.

6. ఏ తలుపు తట్టాలో ఎంచుకోండి

ఇక్కడే ఎక్కువమంది డబ్బు, కాలం పోగొట్టుకుంటారు. కాబట్టి నిదానంగా చదవండి.

*కేసు స్వీకరించకముందే వినే అవకాశం.* 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 223 ప్రకారం, ఫిర్యాదు మీద నడిచే కేసులో ముద్దాయి మాట వినకుండా మెజిస్ట్రేటు కేసును స్వీకరించకూడదు. పాత చట్టంలో ఇది లేదు. 2025 మే నెలలో కుశల్ కుమార్ అగర్వాల్ కేసులో, ఒక ప్రభుత్వ సంస్థ వేసిన ఫిర్యాదులో ఇలా వినలేదన్న కారణంతోనే సుప్రీంకోర్టు కాగ్నిజెన్స్ ఉత్తర్వును రద్దు చేసింది. మీకు ఈ నోటీసు వచ్చిందంటే తేలిగ్గా తీసుకోకండి. ఆ రోజు వయసు పత్రాలతో, రెండు పేజీల రాతపూర్వక అభ్యంతరంతో వెళ్ళండి. నోటీసే ఇవ్వకుండా నేరుగా సమన్లు వస్తే అదే మీ మొదటి అభ్యంతరం. పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టి ఛార్జిషీటు వేసిన కేసుకి ఇది వర్తించదు.

*మెజిస్ట్రేటు ముందే "ఆధారం లేదు" అనిపించుకోవడం.* 14(1)కి గరిష్ఠ శిక్ష 2 ఏళ్ళు దాటదు కాబట్టి అది సమన్స్ కేసు. పాత చట్టంలో సమన్స్ కేసులో డిశ్చార్జి (విచారణ నడవకముందే వదిలేయడం) లేదు, ఒకసారి సమన్లు ఇచ్చాక మెజిస్ట్రేటు వెనక్కి తీసుకోలేరని 2004లో అదాలత్ ప్రసాద్ కేసు తేల్చింది. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 274లో కొత్తగా ఒక వాక్యం చేరింది: ఆరోపణకు ఆధారం లేదనిపిస్తే మెజిస్ట్రేటు కారణాలు రాసి వదిలేయాలి, అది డిశ్చార్జితో సమానం. పాత అలవాటులో ఉన్న లాయర్లు దీన్ని అడగడం మర్చిపోతున్నారు. మీరే గుర్తు చేయండి. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 79 కూడా ఉంటే అది వారెంటు కేసు (శిక్ష రెండేళ్ళు దాటేది), డిశ్చార్జి దరఖాస్తు పత్రాలు అందిన 60 రోజుల్లోపు వేయాలి.

*సెషన్స్ కోర్టులో రివిజన్.* అంటే దిగువ కోర్టు ఉత్తర్వును సరిచూడమని పై కోర్టుని అడగడం. సమన్లిచ్చిన ఉత్తర్వులోనే లోపం ఉంటే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 438 కింద 90 రోజుల్లోపు. ఖర్చు తక్కువ.

*హైకోర్టులో క్వాష్ పిటిషన్.* సెక్షన్ 528. విధానసౌధ ఎదురుగా ఉన్న ఎర్రకోట లాంటి భవనంలో, క్రిమినల్ పిటిషన్‌గా దాఖలవుతుంది. రివిజన్ దారి ఉన్నంత మాత్రాన హైకోర్టు తలుపు మూసినట్టు కాదని 2016లో ప్రభు చావ్లా కేసులో తేలింది.

ఒక హెచ్చరిక. ఇంకా చాలామంది "482 వేయండి" అంటున్నారు. పాత చట్టంలో 482 అంటే క్వాష్. కొత్త చట్టంలో 482 అంటే ముందస్తు బెయిల్. పిటిషన్ మీద అంకె మారితే రిజిస్ట్రీ అభ్యంతరం పెడుతుంది, మీకు వారం పోతుంది.

నా అభిప్రాయం అడిగితే, లోపం కాగితం మీదే కనిపిస్తూ ఉంటే హైకోర్టు. సాక్షుల్ని అడిగితే తప్ప తేలనిదైతే మెజిస్ట్రేటు ముందే పోరాడండి. అలాంటి కేసుతో హైకోర్టుకి పోతే "విచారణలో చెప్పుకోండి" అని పంపించేస్తారు, ఏడాది గడిచిపోతుంది.

7. పిటిషన్లో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు

కేసును మొగ్గలోనే కొట్టేయడానికి ఎలాంటి సందర్భాలు ఉండాలో భజన్‌లాల్ కేసు ఏడుగా లెక్కపెట్టింది. మీకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు: ఫిర్యాదులో రాసిందంతా నిజమే అనుకున్నా నేరం కాకపోవడం, చట్టంలోనే అడ్డంకి ఉండడం. మీ తరఫు పత్రాలు చూపి గెలవాలంటే, అవతలివాళ్ళు కాదనలేనంత గట్టివై ఉండాలని 2013లో రాజీవ్ థాపర్ కేసు చెప్పింది. బడి అడ్మిషన్ రిజిస్టరు పేజీకి అంత బరువు వస్తుంది. పక్కింటివాళ్ళ అఫిడవిట్‌కి రాదు.

"నేను పదిమందికి అన్నం పెడుతున్నాను", "వాళ్ళింట్లో బాధపడి పంపించారు", "అధికారికి నా మీద కక్ష" లాంటివి రాయకండి. కక్ష అన్న మాటకి కాగితం లేకపోతే అది మీ మిగతా మాటల బరువు కూడా తగ్గిస్తుంది. అభ్యంతరాలు మూడు నాలుగు దాటనివ్వకండి, బలమైనది ముందు పెట్టండి.

ప్రార్థనలో రెండు విడిగా అడగండి: సీసీ నంబరుతో ఆ కేసు రద్దు, ఈలోపు దిగువ కోర్టు విచారణకు స్టే. మొత్తం రద్దు కుదరకపోతే 14(1) వరకు రద్దు చేయమని ప్రత్యామ్నాయంగా అడగండి. క్వాష్ అరుదుగా చేయాలని, కారణాలు రాయకుండా "ఏ చర్యా తీసుకోవద్దు" అన్న ఉత్తర్వులు ఇవ్వకూడదని 2021లో నీహారిక కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది కాబట్టి, స్టే ఎందుకు కావాలో ప్రత్యేకంగా ఒక పేరా రాయించండి.

ఫీజు కట్టలేనివాళ్ళు లీగల్ ఎయిడ్ అడగండి, 15100 నంబరుకి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం హక్కుగా ఉంది. మెస్సులు నడిపే అక్కలు చాలామందికి ఈ సంగతి తెలియదు.

8. హైకోర్టులో వేశామని ఇక్కడ వాయిదా ఎగ్గొట్టకండి

పిటిషన్ వేయడం వేరు, స్టే రావడం వేరు. స్టే ఉత్తర్వు చేతికొచ్చేదాకా మెజిస్ట్రేటు వాయిదాలన్నీ మీవే. నృపతుంగ రోడ్డు కోర్టు మెట్ల మీద వారెంటు కాగితంతో ఏడుస్తూ నిలబడ్డవాళ్ళని చూశాను. "హైకోర్టులో పడింది కదా సార్" అంటారు. రాలేని రోజుకి లాయరు ముందే మినహాయింపు దరఖాస్తు పెట్టాలి. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 228 కింద లాయరు ద్వారా హాజరయ్యే అనుమతి అడగొచ్చు.

స్టే వచ్చాక దాని కాపీ దిగువ కోర్టులో మెమోతో వేయించండి, ఆర్డర్ షీట్లో ఎక్కిందో లేదో తర్వాతి వాయిదాకి యాప్‌లో చూడండి. ఆరు నెలలకి స్టే దానంతటదే పోతుందన్న పాత మాట ఇప్పుడు లేదు, 2024 ఫిబ్రవరి 29న రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తీసేసింది. కానీ స్టే "తదుపరి వాయిదా వరకు" అని ఉంటే ఆ వాయిదాకి పొడిగించమని అడగాల్సిందే.

"ఫైన్ కట్టేస్తే పోతుందా?"

దీనికి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. కోర్టు హాల్లో పది నిమిషాల్లో "ఒప్పుకో, ఇరవై వేలు కట్టు, ఇంటికెళ్ళు" అంటారు. తలూపేస్తారు. నేరం ఒప్పుకోవడం అంటే శిక్ష పడినట్టే. ఆ తర్వాత ఎప్పుడైనా మళ్ళీ అదే నేరం అని తేలితే, సెక్షన్ 14(2) కింద కనీసం ఏడాది, గరిష్ఠంగా మూడేళ్ళ జైలు. అక్కడ జరిమానాతో సరిపెట్టే వీలు లేదు. ఐదారు బ్రాంచీలు ఉండి, పనివాళ్ళను మేనేజర్లు పెట్టుకునే వ్యాపారంలో ఇదెంత ప్రమాదమో ఆలోచించండి.

ఇంకొక గందరగోళం: 1996 నాటి ఎం.సి.మెహతా తీర్పు ప్రకారం ఒక్కో పిల్లవాడికి 20,000 రూపాయలు సంక్షేమ నిధికి కట్టమని అధికారులు అడుగుతారు. అది కోర్టు జరిమానా కాదు, కట్టినా కేసు పోదు. రసీదు మీద ఏ ఖాతాకి, దేనికి అని రాశారో చూసుకోండి.

మీ తప్పు పని గంటల దగ్గరో రిజిస్టరు దగ్గరో మాత్రమే అయితే, అంటే 14(3) ఒక్కటే మిగిలితే, అది మొదటిసారి అయితే, సెక్షన్ 14డి కింద జిల్లా మెజిస్ట్రేటుకి రాజీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సౌకర్యం యజమానికి 14(1)లో లేదు. అందుకే ముందు 14(1) తీసేయించుకుని, మిగిలినదాన్ని ఇలా తేల్చుకోవడం చాలామందికి సరైన వరస.

9. ఉత్తర్వు వచ్చాక

"గెలిచాం" అని లాయరు ఫోన్ చేస్తే సంతోషించండి కానీ ఉత్తర్వు చివరి పేరా చదవండి. రద్దయింది మొత్తం కేసా, మీ ఒక్కరి వరకేనా, ఒక్క సెక్షనేనా? "చట్టప్రకారం మళ్ళీ మొదటినుంచి పరిశీలించాలి" అని మెజిస్ట్రేటుకి వెనక్కి పంపారా? సెక్షన్ 223 కింద వినలేదన్న కారణంతో గెలిస్తే సాధారణంగా జరిగేది ఇదే. మీకు మళ్ళీ నోటీసు వస్తుంది, అప్పుడు వయసు పత్రాలతో సిద్ధంగా ఉండాలి.

పిటిషన్ కొట్టేస్తే మీరు దోషి అని కాదు. మీ వాదనలన్నీ విచారణలో చెప్పుకునే స్వేచ్ఛ ఇస్తున్నట్టు ఆ ఉత్తర్వులో ఉందా చూడండి. అదే టీసీ, అదే హెడ్మాస్టరు ఇప్పుడు సాక్షిగా రావాలి.

కేసు పూర్తిగా రద్దయితే హైకోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ దిగువ కోర్టులో వేయించి, యాప్‌లో ఆ సీసీ నంబరు ముగిసినట్టు కనబడేదాకా వదలకండి. పాత వారెంటు ఏదైనా ఉంటే అది వెనక్కి తీసుకున్నట్టు స్టేషన్‌కి సమాచారం వెళ్ళిందో లేదో అడగండి. మీకు జామీను నిలబడిన మనిషి ఇచ్చిన పత్రాలు కోర్టు నుంచి విడిపించి, వాళ్ళ చేతికి తిరిగి ఇచ్చేయండి.